ఊడ్చిన నేల

పిండిమిల్లావిడ తన కళ్ళతో చూడలేదు. చూసింది ఆమె చెల్లెలి తోడికోడలు. ఆవిడ పాలక్యాను పట్టుకుని రోడ్డు మలుపులో నిలబడి ఉండగా అటవీ శాఖ వ్యాను ఒకటి కొండ వైపు వెళ్ళిందట. వెనక వల కట్టి ఉందట. వలలోంచి రెండు కళ్ళు మెరిశాయట. మరునాటికి ఆ కళ్ళు నాలుగయ్యాయి. వారం తిరిగేసరికి వ్యాను మూడు వ్యాన్లయింది. కొండ మీద గేటు తీసి, తోడేళ్ళను ఒక్కొక్కదాన్నీ నెత్తి నిమిరి, జాగ్రత్తలు చెప్పి మరీ దింపారని ఖాయమైంది.

"మెడల్లో పట్టీలు కూడా వేశారట. కన్న పిల్లలకైనా ఎవరూ అంత చెయ్యరు," అన్నది పిండిమిల్లావిడ, మరలోంచి పడుతున్న దాణాను గోనెలోకి తోస్తూ.

గోనె మూతి పట్టుకుని నిలబడ్డది వాలింటి కోడలు. ఊరికీ అడవికీ మధ్య ఏటవాలు నేలలో ఒంటరిగా ఉండే ఇల్లు వాళ్ళది. అందుకని పెళ్ళై పదిహేనేళ్ళైనా ఊళ్ళో అందరికీ ఆమె వాలింటి కోడలే.

"వదినా, ఆ మలుపు దగ్గర్నుంచి కొండ గేటు కనపడదు కదా?"

"కనపడదు. అందుకే విన్నదే చెప్తున్నా. చూసింది చెప్పట్లేదు."

పట్టీల మాట ఒక్కటే నిజం. వ్యానుల్లో ఎవరూ ఏమీ తేలేదు. ముప్ఫయ్యేళ్ళు జాడ లేకుండా పోయిన తోడేళ్ళు నాలుగేళ్ళ కిందట రెండు కొండల అవతలి నుంచి, ఎవరి సెలవూ అడక్కుండా, వాటి కాళ్ళతో అవే నడిచి వచ్చాయి. వచ్చాక శాఖవాళ్ళు రెండింటికి మత్తిచ్చి, ఎక్కడున్నాయో తెలిపే పట్టీలు తగిలించారు. కోడలి మంద మీద పడుతున్నదానికి మాత్రం పట్టీ లేదు. అది ఎప్పుడు ఎక్కడుంటుందో దానికే తెలియాలి.

కోడలు గోనె భుజానికెత్తుకుని ఇంటి దారి పట్టింది. మేపుడు కాలం మొదలైనప్పుడు దొడ్డిలో అరవై నాలుగు గొర్రెలు. ఇప్పుడు యాభై ఎనిమిది. పోయిన ఆరింట్లో శాఖవాళ్ళు ఒప్పుకున్నవి రెండే.

ఆ ఒప్పుకోవడం కోసమే ఆమె ఇన్నాళ్ళుగా పళ్ళ బిగువున కాచుకుని ఉంది. కొత్త చట్టం ప్రకారం తోడేలును చంపకూడదు, తరమకూడదు, రాయి కూడా విసరకూడదు. అయితే ఒకే మంద మీద ఒకే మేపుడు కాలంలో మూడు దాడులు ఖరారైతే శాఖవాళ్ళే వచ్చి ఆ తోడేలును పట్టి, దూరంగా పెద్దడవిలో వదిలేస్తారు. ఖరారు కావాలంటే చచ్చిన గొర్రెను కదపకూడదు. మెడ మీద పంటిగాట్లు కనపడాలి. గాట్లు లేకపోతే పది అడుగుల లోపల పంజా గుర్తులుండాలి. వాటి పక్కన శాఖవాళ్ళు తమ కొలబద్ద పెట్టి, తమ చేత్తో ఫోటో తీసుకోవాలి.

"తోడేలు కూడా ఆ కాగితం చదివే ఉంటుంది," అన్నాడు లారీ నడిపే ఆమె మొగుడు, మొదటి రెండు గొర్రెలు లెక్కకు రానప్పుడు. "మెడ వైపు నుంచే భోజనం మొదలెడుతోంది."

అతనికి మంద అమ్మేయాలని ఉంది. వాలు చుట్టుపక్కల గొర్రెలు పెట్టుకున్న మిగతా వాళ్ళంతా రెండేళ్ళలో ఒక్కొక్కరే అమ్ముకున్నారు. చివరికి అడవి అంచున మిగిలింది ఈ ఒక్క దొడ్డి. దాంతో అది తోడేలుకు వడ్డించిన విస్తరి అయిపోయింది. చచ్చినవి పోగా, బతికినవి బెదిరి చూలు పోగొట్టుకుంటున్నాయి. ఈ కాలంలో పుట్టాల్సిన పిల్లల్లో సగం పుట్టలేదు.

ఇద్దరి మధ్యా ఒక ఒప్పందం కుదిరింది. కాలం ముగిసేలోగా మూడోది ఖరారైతే తోడేలు వెళ్తుంది, మంద ఉంటుంది. కాకపోతే మంద వెళ్తుంది. పెళ్ళైన ఏడాది పదకొండు గొర్రెలతో మొదలుపెట్టి, ఈనిన ప్రతిదాని కడుపులోనూ చెయ్యి పెట్టి పిల్లను సరిచేసి, ఒక్కోదాన్నీ దగ్గును బట్టి గుర్తుపట్టేదాకా వచ్చిన మనిషి ఆమె. "సరే" అని ఒక్క మాట అనడానికి ఆమెకు మూడు రోజులు పట్టింది.

ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

ఇంట్లో ఉన్న మూడో మనిషి మామగారు. ఆయన్ని ఊళ్ళో ఉచ్చుల తాత అంటారు. వయసులో ఉండగా ఆయన ఇదే అటవీ శాఖలో తోడేళ్ళను పట్టే ఉద్యోగి. అప్పటి చట్టం వేరు. తోడేలు కనపడితే చంపాలి, చంపితే మెచ్చుకుంటారు. ఇనుప పళ్ళ ఉచ్చులు పెట్టి ఈ కొండల్లో ఆయన పద్దెనిమిదింటిని పట్టాడు. ఆఖరిదాని తోలు అప్పగించిన ఏడాది సర్కారు ఈ వాలు నేలను ఆయన పేర రాసిచ్చింది. "క్రూరమృగ నివారణలో చేసిన విశేష సేవకు గాను" అని రాసి, ముద్ర వేసి, అద్దం కట్టి మరీ ఇచ్చారు. ఆ పటం ముందుగదిలో మేకుకు వేలాడుతోంది.

మొదటిసారి వచ్చిన రోజు అటవీ శాఖ అమ్మాయి దాని ముందు చాలాసేపు నిలబడింది. పాతికేళ్ళుంటాయి. మోకాళ్ళ దాకా బురద, చేతిలో పలక లాంటి కంప్యూటరు.

"ఈ ముద్ర మాదే," అన్నది.

"మీదేనమ్మా. అప్పుడు చంపమన్నదీ మీరే, ఇప్పుడు చంపొద్దంటున్నదీ మీరే," అన్నాడు తాత. "అధికార్లు మారారనుకున్నా. ముద్ర కూడా మార్చాల్సింది."

"అప్పటికి నేను పుట్టలేదు తాతయ్యా."

"తోడేళ్ళూ పుట్టలేదులే. వాటికీ నీకూ నా మీద కోపం ఉండక్కర్లేదు."

ఆ అమ్మాయి నవ్వింది. మంచి పిల్ల. కబురు పెడితే వచ్చేది, ఇచ్చిన టీ తాగేది, గొర్రె చచ్చినందుకు నిజంగానే బాధపడేది. ఆమె చేతిలో ఉన్నది ఆ పలకా, అందులోని గడులూ. వాటిని దాటి ఆమె కూడా ఏమీ చెయ్యలేదు.

తొమ్మిది రోజుల్లో మొదటి రోజు పొద్దున వాలంతా మంచు కమ్మింది. ఎప్పటిలాగే కోడలు దొడ్డి తలుపు తీసింది. గంట గొర్రె ముందు నడిచింది, మిగతావి దాని వెనక. దాని మెడలో గంట ఎటు మోగితే మంద అటు పోతుంది. అది లేకపోతే కదలదు. ఏడేళ్ళుగా మంద సగం పని ఆ గంటదే. కోడలు దాణాతొట్టి కడిగి తల ఎత్తేసరికి గంట వినపడలేదు. తర్వాత మంచులోంచి మందంతా ఒక్క ముద్దగా కిందికి దొర్లుకుంటూ వచ్చింది.

పై మూలన, ముళ్ళకంచె పక్కన, గంట గొర్రె పడి ఉంది. మెడ, రొమ్ము లేవు. గంట మాత్రం రక్తంలో పక్కనే ఉంది. చుట్టూ తడి మట్టి. ఆ మట్టిలో పంజా గుర్తులు, తడి పిండి మీద అచ్చు ఒత్తినంత స్పష్టంగా.

కోడలికి ఏడుపు రావాల్సింది. అంతకన్నా ముందు ఒక లెక్క వచ్చింది. మూడు. ఆ లెక్క ముందు వచ్చినందుకు తర్వాత చాలాకాలం ఆమె తనను తాను క్షమించుకోలేదు.

ఫోనుతో ఒక ఫోటో తీసింది. మంచులో బూడిదరంగు ముద్ద పడింది. శాఖ అమ్మాయికి ఫోన్ చేసింది. అవతలి కొండ మీద ఉన్నాను, రెండు గంటల్లో వస్తానన్నది. అంతలో కింద మంద రోడ్డు వైపు చెదిరిపోతున్న చప్పుడు.

అప్పటికే మామగారు కర్ర ఊతంతో పైకి వచ్చారు.

"మామయ్యా, నేను మందను దొడ్డిలోకి తోలాలి. మీరిక్కడే ఉండండి. దీన్ని ముట్టుకోకండి, కదపకండి. టార్పాలిన్ కప్పి, చుట్టూ రాళ్ళు పెట్టండి. కాకి వాలకూడదు, కుక్క రాకూడదు."

"నాకు చెప్తున్నావా అమ్మా!"

"చెప్పింది ఒకసారి అనండి మామయ్యా, నాకోసం."

"ముట్టుకోను. కదపను. కప్పి, రాళ్ళు పెడతా. కాకి, కుక్క," అన్నాడు తాత, బడిపిల్లాడిలా, కొంచెం ఎగతాళిగా.

ఆమె పరిగెత్తింది. ముందు నడిచే గంట లేక గొర్రెలు ఏడు దారుల పోయాయి. ఒక్కొక్కదాన్నీ చెవి పట్టుకుని లోపల వేసేసరికి రెండు గంటలూ గడిచాయి. మంచు విడిపోయి ఎండ వచ్చింది. శాఖ అమ్మాయి జీపు దిగింది. ఇద్దరూ పైకి ఎక్కారు.

టార్పాలిన్ చక్కగా కప్పి ఉంది. నాలుగు మూలలా రాళ్ళు. ఒక్క కాకి వాలలేదు. తాత పక్కన నిటారుగా నిలబడి ఉన్నాడు, చేతిలో ఆకులున్న కొమ్మ ఒకటి.

శాఖ అమ్మాయి టార్పాలిన్ ఎత్తి చూసింది. "మెడ భాగం లేదక్కా. సరే, గుర్తులు చూద్దాం," అని సంచిలోంచి కొలబద్ద తీసింది. తీసి నేల వైపు చూసింది. మరోసారి చూసింది.

కళేబరం చుట్టూ పది అడుగుల మేర నేల ఊడ్చి ఉంది. అలా ఇలా కాదు. పళ్ళ దువ్వెనతో దువ్విన తలలా, సన్నటి గీతలు పక్కపక్కనే, ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా.

"సిద్ధంగా ఉంచానమ్మా," అన్నాడు తాత. "మిగిలింది తినడానికి సాయంత్రం మళ్ళీ వస్తుంది. అప్పుడు పడే జాడ అచ్చుగుద్దినట్టుంటుంది చూడు."

శాఖ అమ్మాయి కొలబద్దను మళ్ళీ సంచిలో పెట్టింది.

"ఉచ్చు పెట్టే ముందు నేల ఊడవాలి," అన్నాడు ఆయన, వీళ్ళకు తెలియదేమోనని. "పాత జాడ మీద కొత్త జాడ పడితే ఏదీ చదవలేం. మాకు మొదటి రోజు నేర్పేది అదే. మీ శాఖలోనే నేర్పారు."

"మామయ్యా..." అని ఆగిపోయింది కోడలు.

"ముట్టుకోలేదమ్మా! కదపలేదు! కాకిని కూడా..." అంటూ ఆయన ఆమె ముఖం చూశాడు. తర్వాత నేల చూశాడు. చేతిలో కొమ్మ చూశాడు. నలభయ్యేళ్ళ కిందటి ఉద్యోగం ఆయన చేతిలోంచి దిగి నేల మీద పడ్డట్టు, కొమ్మ జారింది.

"నేను చదివాను," అన్నాడు, గొంతు తగ్గించి. "ఊడ్చే ముందు మొత్తం చదివాను. ఆడది. నాలుగేళ్ళుంటాయి. ఎడమ ముందుకాలు కొంచెం లోపలికి వేస్తుంది. కంచె దగ్గర ఆగి విన్నది. అక్కణ్ణుంచి మూడు దూకులు. ఒక్కటే వచ్చింది, తోడు లేదు. రాసుకో అమ్మా, అన్నీ చెప్తాను."

శాఖ అమ్మాయి పలక వైపు చూసింది. "మీరు చదివారు తాతయ్యా. నాకు నమ్మకమే. కానీ నేను చూడాలి. చూసినదానికే గడి ఉంది, చెప్పినదానికి లేదు."

"సాయంత్రం దాకా ఉండు. మళ్ళీ వస్తుంది."

"వచ్చినా, అది తినడానికి వచ్చినట్టు రుజువవుతుంది. చంపినట్టు కాదు." కోడలు చూపించిన ఫోటోను పెద్దది చేసి, చిన్నది చేసి, తిప్పి చూసింది. "ఇది కుక్క గుర్తంటే కూడా కాదనలేనక్కా."

ఆమె గడిలో రాసింది కోడలు తలకిందులుగానే చదివింది. కారణం నిర్ధారణ కాలేదు.

వెళ్ళేటప్పుడు ఆ పిల్ల సంచిలోంచి ఒక అదనపు కొలబద్ద తీసి కోడలి చేతిలో పెట్టింది. "ఇంకా రోజులున్నాయి కదక్కా," అన్నది. అన్నాక ఆ మాటకు అర్థమేమిటో తనకే తట్టి, తల తిప్పుకుని జీపెక్కింది.

అర్థం ఏముంది? ఇంకో గొర్రె చావాలి. అదీ పద్ధతిగా చావాలి.

మిగిలిన ఎనిమిది రోజులూ వాలింటి కోడలు అదే కోరుకుంది. పొద్దున్నే లేచి, అన్నీ బతికే ఉన్నాయని లెక్క తేలితే ఆమె గుండె నీరుగారేది. అయిదో రోజు ఒక పని చేసింది. కుంటి ముసలి గొర్రెను పై మూలకు తీసుకెళ్ళి తాడుతో కట్టింది. చుట్టూ మట్టిని పలుగు పెట్టి మెత్తగా గుల్ల చేసి, నీళ్ళు చల్లింది. ఎర కట్టడం నేరం. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆ గొర్రె పుట్టినప్పుడు ఊపిరాడకపోతే ముక్కులో నోరు పెట్టి గాలి ఊదింది తనేనన్న సంగతి ఇంకా బాగా తెలుసు. దాని కళ్ళలోకి చూడకుండా ముడి వేసి కిందికి వచ్చేసింది.

మామగారు గుమ్మంలో కూర్చుని ఉన్నారు. ఆ పూట నుంచి కాదు, నేల ఊడ్చిన రోజు నుంచే ఆయన అక్కడ కూర్చున్నారు.

"రాదమ్మా అది," అన్నాడు. "కట్టేసిన గొర్రె వాసన వాటికి తెలుసు. వాటి తాతలకు నేనే నేర్పాను."

మర్నాడు పొద్దున కుంటి గొర్రె తాడు చివర పడుకుని నెమరేస్తోంది. ఆమెను చూసి సంతోషంగా అరిచింది. చుట్టూ మెత్తటి మట్టిలో ఒక్క పిట్టకాలి గుర్తు కూడా లేదు. కోడలు ముడి విప్పడానికి వంగి, విప్పలేక, దాని వీపు మీద తల పెట్టుకుని అప్పుడు ఏడ్చింది.

ఈలోపు పిండిమిల్లులో కథ ముదిరింది. ఉచ్చుల తాత కావాలనే చెరిపేశాడట. పాత శాఖ ఉప్పు తిన్న మనిషి కదా, వాళ్ళ తోడేలును వాళ్ళ చేతికి పట్టిస్తాడా? పైగా ముసలితనంలో పాపభయం పట్టుకుందట. చంపిన పద్దెనిమిదీ కలలో వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుంటున్నాయట. ఈ చివరి మాట ఎవరు పుట్టించారో గాని, అందులో కొంత నిజముందేమోనని కోడలు ఒక్క క్షణం అనుకుంది. ఆయన కంచం తీసుకెళ్ళి ముందు పెట్టినప్పుడు ఆయన చేతులు చూసింది. ఆ చేతులకు పాపం లేదు, పుణ్యం లేదు. వచ్చిన పని ఒకటే, అదే చేశాయి. తిట్టడానికి కూడా ఆ చేతుల్లో ఏమీ దొరకలేదు.

తొమ్మిదో రోజు సాయంత్రం మొగుడు లారీ ఇంటి ముందు ఆపి, దిగి, టైరును ఒకసారి తన్ని చూశాడు. చూడాల్సిన అవసరం లేదు.

"నేనేం అనట్లేదు," అన్నాడు.

"అనండి. ఒప్పుకున్నది నేనే కదా."

"ఒక పది ఉంచుకుందామా? నీకు పొద్దుపోవడానికి."

"పదింటిని తినడానికి దానికెన్నాళ్ళు పడుతుంది?"

అతను వెనక తలుపు పలకలు దింపాడు. ఎక్కించడం మర్నాడు మధ్యాహ్నం దాకా పట్టింది. ముందు నడిచే గంట లేదు కాబట్టి ఒక్కటీ తనంతట తాను ఎక్కలేదు. చివరికి కోడలే గంటను చేత్తో పట్టుకుని, మోగిస్తూ, పలక మీదుగా లారీలోకి నడిచింది. మంద గొర్రెదాటుగా ఆమె వెనక ఎక్కేసింది. లోపల వాటి మధ్యలోంచి, ఒక్కొక్కదాని వీపునూ పక్కకు తోసుకుంటూ ఆమె మళ్ళీ బయటికి రావాల్సి వచ్చింది. అప్పుడు గంట మోగకుండా నాలుకను గుప్పిట్లో బిగించి పట్టుకుంది. లేకపోతే అవీ వెనకే దిగేవి.

లారీ మలుపు తిరిగిపోయాక దొడ్డిలో పెంటికలూ, చిందిన దాణా, వేల కొద్దీ గిట్టల గుర్తులూ మిగిలాయి. కోడలు లోపలికి వెళ్ళి పడుకుంది. తాత ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. చాలాసేపు ఆ గుర్తుల వైపు చూశాడు. ఏ గొర్రె ఎక్కడ మొరాయించిందో, ఎక్కడ వెనక్కి తిరిగిందో ఆయనకు అక్షరాల్లా కనపడుతుండాలి. పొద్దు వాలుతుండగా లేచి, ఒక కొమ్మ విరిచి, దొడ్డంతా ఊడ్చాడు. మూల మూలనా, గీత మీద గీత ఎక్కకుండా.

తెల్లవారి కోడలు టీ వడపోస్తుంటే బయటినుంచి కేక. "అమ్మాయ్! ఇలా రా! నువ్వూ రారా!"

మంద అమ్మి రాత్రే తిరిగొచ్చిన మొగుడు టీ గ్లాసు పట్టుకునే వెళ్ళాడు. ఆమె వెనక నడిచింది. దొడ్డి మధ్యలో, దువ్విన మట్టిలో, తలుపు నుంచి దాణాతొట్టి దాకా ఒకే ఒక వరస జాడ. వచ్చింది, తొట్టి దగ్గర ఆగింది, చుట్టూ ఒకసారి తిరిగింది, వెళ్ళిపోయింది. ఎడమ ముందుకాలు కొంచెం లోపలికి. నాలుగు వేళ్ళూ, గోళ్ళ మొనలూ, మడమ మెత్త మీద గీత కూడా పడింది.

తాత ఆ జాడల్లో అన్నిటికన్నా మంచిదాని పక్కన శాఖ అమ్మాయి ఇచ్చిన కొలబద్ద పెట్టి ఉంచాడు. చుట్టూ రాళ్ళు పేర్చాడు. పైన కప్పడానికి టార్పాలిన్ మడతపెట్టి పక్కనే సిద్ధంగా ఉంది. తనేమో దూరంగా, గోడకు ఆనుకుని, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

"దగ్గరికి కూడా పోలేదమ్మా," అన్నాడు. ఎన్నో రోజుల తర్వాత ఆయన గొంతులో ప్రాణం ఉంది. "కొలబద్ద కూడా కర్రతో జరిపాను. ఈసారి అన్నీ వాళ్ళు చెప్పినట్టే ఉన్నాయి. ఆ పిల్లకి ఫోన్ చెయ్యి, వచ్చి రాసుకుంటుంది."

"ఏమని రాసుకోవాలి మామయ్యా? ఖాళీ దొడ్డి చూసి పోయిందనా?"